పిట్లోక్రీ నుంచి ఇన్వర్నెస్: ఇద్దరు, ఒక్క రోజు, 160 కిలోమీటర్లు (స్కాట్లాండ్ హైలాండ్స్)

#1 నెక్లెస్‌రోడ్డు

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో ఎడిన్‌బరోలో ఉన్న స్నేహితుడితో కలిసి హైలాండ్స్‌లో ఒక రోజంతా తొక్కాలని అనుకుంటున్నాం. పిట్లోక్రీలో మొదలుపెట్టి, నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ 7వ నంబరు దారి పట్టుకుని, డ్రమాక్టర్ కనుమ మీదుగా ఇన్వర్నెస్ చేరాలి. ఇద్దరం 200 కి.మీ. బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు) పూర్తి చేశాం, కానీ అన్నీ హైదరాబాద్ ఎండలోనే. ఒకటి 28 మి.మీ. టైర్ల రోడ్ బైక్, ఇంకోటి 35 మి.మీ. గ్రావెల్ బైక్ (కంకర దారులకు కూడా పనికొచ్చేది). ఏ దిక్కు నుంచి తొక్కాలి, ఎక్కడ ఆగాలి, ఏం మోయాలి, ఎక్కడ దెబ్బ తింటారు? ఆ దారి తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

#2 ఎదురుగాలి

మంచి దారి ఎంచుకున్నారు. మ్యాప్ చూస్తే ఎత్తుల గురించి బెంగ పుడుతుంది గానీ, ఇక్కడ ఎత్తులు సమస్య కాదు. డ్రమాక్టర్ శిఖరం దాదాపు 460 మీటర్లు, తర్వాత వచ్చే స్లోక్ శిఖరం 400 పైచిలుకు. రెండూ శ్రీశైలం ఘాట్‌లా మెలికలు తిరగవు. బ్లెయర్ అథోల్ దాటాక దాదాపు ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా లేస్తూనే ఉంటుంది. ఆ లేవడం కంటికి తెలియదు, కాళ్లకే తెలుస్తుంది.

ముక్కలు ముక్కలుగా చెబుతాను. దూరాలు ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ.

పిట్లోక్రీ నుంచి కిల్లీక్రాంకీ మీదుగా బ్లెయర్ అథోల్: 12 కి.మీ. చెట్ల నీడ, పాత రోడ్డు, వాహనాలు తక్కువ. ఇక్కడ కాళ్లు ఉత్సాహంగా ఉంటాయి. వేగం పెంచకండి.

బ్లెయర్ అథోల్ నుంచి కాల్విన్: 8 కి.మీ. మధ్యలో బ్రూఆర్ దగ్గర పెద్ద దుకాణం, తిండి, టాయిలెట్లు ఉన్నాయి. రెండు బాటిళ్లూ నిండాల్సింది ఇక్కడే.

కాల్విన్ నుంచి డాల్‌విన్నీ: 30 కి.మీ. రోజు మొత్తానికి గుండెకాయ ఇదే. దుకాణం లేదు, నీడ లేదు, స్టేషన్ లేదు. మొదట్లోనే సైక్లిస్టుల కోసం హెచ్చరిక బోర్డు ఉంటుంది: పైన వాతావరణం ఉన్నట్టుండి చెడుతుంది, వేసవిలోనూ అంతే, 30 కి.మీ. వరకు తిండి గానీ తలదాచుకునే చోటు గానీ దొరకదు. లాంఛనానికి పెట్టిన బోర్డు కాదది. దారి కొంత పాత ఏ9 రోడ్డు (ఇన్వర్నెస్ వెళ్లే ప్రధాన రహదారి) మీద, కొంత ఇప్పటి ఏ9 పక్కనే వేసిన సన్నని తారు బాట మీద సాగుతుంది. బాట మీద లారీలు చిమ్మిన గులకరాళ్లు, గాజు పెంకులు ఉంటాయి. ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఒకరి వెనక ఒకరే.

శిఖరం దగ్గర రెండు కొండలు ఎదురెదురుగా కనిపిస్తాయి. వాటి పేర్లకు అర్థం బేడెనోక్ మగపంది, అథోల్ ఆడపంది. పక్కనే రైలు పట్టాలు, 452 మీటర్ల ఎత్తున. బ్రిటన్ మెయిన్‌లైన్ రైలు మార్గాల్లో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదు.

డాల్‌విన్నీ నుంచి న్యూటన్‌మోర్ 17, అక్కడి నుంచి కింగ్యూసీ 5 కి.మీ. రెండు ఊళ్లలోనూ కిరాణా దుకాణాలున్నాయి. భోజనానికి కింగ్యూసీ సరైన చోటు.

కింగ్యూసీ నుంచి రూత్వెన్ బారక్స్ శిథిలాల పక్కగా బీ970 రోడ్డు, ఏవీమోర్ దాకా 22 కి.మీ. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు, పైన్ చెట్ల అడవులు. ఈ రోజంతటిలో అందమైన రోడ్డు ఇదే అంటాను.

ఏవీమోర్ నుంచి బోట్ ఆఫ్ గార్టెన్ 10, కార్‌బ్రిడ్జ్ ఇంకో 9. కార్‌బ్రిడ్జ్‌లో 1717లో కట్టిన రాతి కమాను ఒంటరిగా నది మీద నిలబడి ఉంటుంది. రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది, రెండు నిమిషాలు ఆగండి.

కార్‌బ్రిడ్జ్ నుంచి స్లోక్ ఎక్కి, టొమాటిన్, మోయ్, డేవియట్ మీదుగా, క్లావా సమాధి రాళ్లు, కలోడెన్ రైలు వంతెన దాటి ఇన్వర్నెస్: దాదాపు 50 కి.మీ. కార్‌బ్రిడ్జ్ తర్వాత దుకాణాన్ని నమ్ముకోవద్దు. టొమాటిన్, మోయ్ మధ్య ఏ9ను వెడల్పు చేసే పనులు నడుస్తున్నాయి కాబట్టి సైకిల్ దారి మళ్లింపు బోర్డులు గమనించండి. వెళ్లే వారం ముందు ఒకసారి నెట్‌లోనూ చూసుకోండి.

#3 అబర్డీన్_తెలుగు

పై పోస్టు ప్రింట్ తీసి పెట్టుకోండి. నేను గాలి, రైలు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే అవి రెండూ ఒకదానికొకటి ముడిపడినవి.

ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి గాలి. దక్షిణం నుంచి ఉత్తరానికి తొక్కితే వీపున తోస్తుంది. కానీ 'ఎక్కువ రోజులు' అంటే 'మీరు వెళ్లే రోజు' అని కాదు. ఉత్తరపు గాలి దిగిన రోజు ఇదే దారి మొత్తం ఎదురుగాలి అవుతుంది. డ్రమాక్టర్ లోయ గరాటు లాంటిది, గాలి అక్కడ మరింత బిగుస్తుంది. లెక్క చూడండి: మీరు 20 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఎదురుగా 30 కి.మీ. గాలి వీస్తే, ఒంటికి తగిలేది 50. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే ఆరు రెట్లు పైనే. ఎంత గట్టి కాళ్లయినా ఆ 30 కిలోమీటర్లకు మూడు గంటలు పట్టేస్తుంది.

అందుకే బస ఇన్వర్నెస్‌లో పెట్టుకోండి, పిట్లోక్రీలో కాదు. నైరుతి గాలి ఉంటే ఉదయం రైల్లో పిట్లోక్రీ వెళ్లి (సుమారు గంటన్నర) తొక్కుకుంటూ తిరిగి రండి. ఉత్తరపు గాలి ఉంటే ఇన్వర్నెస్ నుంచే తొక్కుకుంటూ వెళ్లి సాయంత్రం రైల్లో వెనక్కి రండి. సామాను ఒకేచోట ఉంటుంది, దిక్కు ముందు రోజు రాత్రి నిర్ణయించుకోవచ్చు. రైళ్లలో సైకిల్‌కు డబ్బు తీసుకోరు, కానీ స్థలాలు తక్కువ, ముందుగా రిజర్వ్ చేసుకోవాలి. రెండు సైకిళ్లకు రెండు స్థలాలు కావాలని గుర్తుపెట్టుకోండి. ఒకటే మిగిలి ఉంటే ఇద్దరిలో ఒకరు ప్లాట్‌ఫారం మీదే.

మెట్ ఆఫీస్ (బ్రిటన్ వాతావరణ శాఖ) సూచనలో పిట్లోక్రీ, ఇన్వర్నెస్ చూస్తే చాలదు, డాల్‌విన్నీ చూడండి. సగటు గాలి కాదు, ఉన్నట్టుండి విసిరే ఈదురుగాలుల అంకె చూడండి. కొండ మీది వాతావరణానికి ఎండబ్ల్యూఐఎస్ అని ప్రత్యేక సూచన ఉంది, అదీ చదవండి. ఈదురుగాలులు గంటకు 60 కి.మీ. దాటితే ఆ రోజు ప్రయాణం మానుకోండి. 2025 ఆగస్టులో ఫ్లోరిస్ తుపాను వచ్చినప్పుడు లండన్–ఎడిన్‌బరో–లండన్ రైడ్‌నే మధ్యలో ఆపేశారు. అక్కడున్నవాళ్లంతా వేల కిలోమీటర్లు తొక్కినవాళ్లు.

#4 నెక్లెస్‌రోడ్డు

ఇన్వర్నెస్ బస ఆలోచన అస్సలు తట్టలేదు, చాలా థాంక్స్. 28 మి.మీ. టైర్ల గురించి ఎవరైనా చెబుతారా? ఫ్రేములో 32 వరకు పడుతుంది.

#5 గ్రీజుచేతులు

32 వేయించండి. కాల్విన్ పైన బాట అంచుల్లో తారు పగిలి ఉంటుంది, దాని మీద తడి గులకరాళ్లు. 75 కిలోల మనిషికి 32 మి.మీ. టైరులో వెనక 50–55, ముందు 45–50 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) చాలు. హైదరాబాద్‌లో అలవాటైన 90 కొట్టుకుని వస్తే చేతులు మొద్దుబారతాయి, తడిలో పట్టూ ఉండదు.

బ్రేకులు: ఇక్కడి వాన నీటితో పాటు సన్నని రాతి ఇసుక ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది. మెత్తని రెసిన్ ప్యాడ్లు ఒక్క తడి రోజులోనే గణనీయంగా అరిగిపోతాయి. మీ డిస్క్ అనుమతిస్తే సింటర్డ్ మెటల్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసిన గట్టివి) వేయండి. డిస్క్ మీద రెసిన్ ప్యాడ్లకు మాత్రమే అని చెక్కి ఉంటే వేయకూడదు. మెటీరియల్ 0.5 మి.మీ.కి వస్తే మార్చాలని షిమానో చెబుతుంది, కానీ మిల్లీమీటరు కన్నా తక్కువుంటే ఈ రైడ్‌కు బయలుదేరకండి.

చైన్‌కు వెట్ లూబ్ (వానకు కొట్టుకుపోని చిక్కటి నూనె). మన ఎండలకు వాడే డ్రై లూబ్, వ్యాక్స్ మొదటి వానకే కొట్టుకుపోయి, మధ్యాహ్నానికి చైన్ కీచుమంటుంది. చిన్న సీసా వెంట ఉంచుకోండి.

మోయాల్సినవి. ఇద్దరికీ వేర్వేరుగా: రెండేసి ట్యూబులు, టైర్ లివర్లు, మినీ పంపు, మల్టీటూల్, ముందూ వెనకా లైట్లు. ఇద్దరికీ కలిపి ఒకటి చాలు: చైన్ టూల్, ప్యాచ్ కిట్, చీలిన టైరు లోపల పెట్టే గట్టి ముక్క, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు. తెగిన చైన్‌ను కలిపే క్విక్ లింకు మాత్రం ఎవరి చైన్‌కు తగ్గది వాళ్లకుండాలి, 11 స్పీడ్‌ది 12కి సరిపోదు. వెనక గేరు మార్చే డెరైల్యూర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ ముక్క కూడా అంతే, ఫ్రేమును బట్టి మారుతుంది. రైల్లో సైకిల్ ఒకదాని మీద ఒకటి ఆనినప్పుడు వంగేది అదే, దిగగానే ఒకసారి గేర్లన్నీ మార్చి చూసుకోండి. ఒకరి టైరు 32, ఇంకొకరిది 35 కాబట్టి 28–35 అని రాసి ఉన్న ట్యూబులు కొంటే ఇద్దరికీ పనికొస్తాయి. వాల్వు పొడవు మాత్రం లోతైన రిమ్ ఎవరిదైతే దానికి సరిపోవాలి.

వానలో పంక్చర్ పడితే ప్యాచ్ జోలికి పోవద్దు. తడి ట్యూబుకు సొల్యూషన్ అంటదు. కొత్త ట్యూబు వేసి, పాతది జేబులో పెట్టుకుని, ఎండుగా ఉన్నచోట అతికించుకోండి. ట్యూబు వేసేముందు టైరు లోపలంతా బొటనవేలితో మెల్లగా తడమాలి. చలికి వేళ్లు మొద్దుబారి ఉంటే చిన్న చెకుముకి పెంకు తగిలినా తెలియదు, అది అక్కడే ఉండిపోయి రెండు కిలోమీటర్లకే మళ్లీ పొడుస్తుంది. కాబట్టి ముందు చేతులు చంకల్లో పెట్టుకుని నిమిషం సేపు వేడి చేసుకోండి, ఆ తర్వాత తడమండి. పగులు బయట నుంచి ఎక్కడ కనిపించిందో, లోపల సరిగ్గా అక్కడే రెండోసారి చూడాలి.

#6 సన్నటైరు

28 మి.మీ.తో ఈ దారి మొత్తం హాయిగా వెళ్లొచ్చు, అనవసరంగా టైర్లు కొనిపించకండి.

#7 గ్రీజుచేతులు

వెళ్లొచ్చు, కాదనను. కానీ ఏవీమోర్–బోట్ ఆఫ్ గార్టెన్ ముక్క స్పేసైడ్ వే మీద, మట్టీ కంకరా కలిసిన బాట. వంద కిలోమీటర్లు తొక్కి అలసిన చేతులతో, తడిలో, 28 మీద ఆ పది కిలోమీటర్లు ఎవరికీ సిఫారసు చేయను.

#8 ఎదురుగాలి

దానికి మందు ఉంది. కింగ్యూసీ నుంచి బీ970 మీదే వస్తున్నారు కదా. ఇన్వర్‌డ్రూయీ దగ్గర ఎడమకు తిరిగితే ఏవీమోర్. తిరగకుండా కోయ్‌లంబ్రిడ్జ్ వైపు వెళ్లి, అక్కడ మళ్లీ బీ970 పట్టుకుంటే బోట్ ఆఫ్ గార్టెన్ వంతెన దాకా మొత్తం తారు రోడ్డే. ఏవీమోర్‌లో తిండో, సైకిల్ షాపో అవసరమైతేనే లోపలికి వెళ్లండి.

#9 మూటముల్లె

తిండి గురించి. కదిలే సమయం ఎనిమిదిన్నర గంటలనుకుందాం. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ చొప్పున 510 గ్రాములు. ఇది ఒక్కరికి. అరటిపండు 25, వోట్స్ ఫ్లాప్‌జాక్ ముక్క 40–45, రెండొందల గ్రాముల పులిహోర దాదాపు 50. పులిహోర గురించి మనసారా చెబుతున్నాను: చింతపండు, నూనె ఉండడం వల్ల, పైగా ఇక్కడి 12–15 డిగ్రీల చలిలో సాయంత్రం దాకా చెడదు. తీపి తిని తిని నోరు విరిగినప్పుడు ఉప్పూ పులుపూ కలిసిన ఒక్క ముద్ద దిగితే మళ్లీ తినబుద్ధవుతుంది. అరచేతిలో పట్టే ముద్దలుగా కట్టి, ఒక్కోదాన్ని విడిగా రేకు కాగితంలో చుట్టండి. గ్లవ్ తీయకుండా విప్పగలిగేలా అంచు మడవాలి. వేరుశనగలు తగ్గించండి, తొక్కేటప్పుడు నమలడం కష్టం.

చలిలో దాహం తెలియదు, అదే మోసం. గంటకు అర లీటరు లెక్కన తాగాల్సిందే. వాగు నీళ్లు స్వచ్ఛంగా కనిపిస్తాయి గానీ పైన గొర్రెలు తిరుగుతాయి, వడకట్టే ఫిల్టరు లేకుండా తాగకండి.

బట్టలు: కాటన్ వద్దే వద్దు. ఒంటికి ఆనుకుని పల్చటి మెరినో ఊలు, పైన జెర్సీ, గాలి ఆపే జిలే (చేతుల్లేని కోటు), దాని మీద నిజంగా వాటర్‌ప్రూఫ్ అయిన జాకెట్. కాళ్లకు లెగ్ వార్మర్లు, నిండు వేళ్ల గ్లవ్స్ రెండు జతలు. రెండో జత జిప్ సంచిలో పొడిగా ఉండాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టకుండా విప్పుకుంటూ, శిఖరం చేరగానే, వెచ్చగా ఉన్నప్పుడే, అన్నీ తొడుక్కోండి. చలేశాక తొడుక్కుంటే ఆలస్యమైనట్టే. దిగేటప్పుడు పెడల్ ఆగిపోతుంది, ఒంట్లో వేడి పుట్టడం ఆగిపోతుంది, తడి బట్టల్లోంచి 40 కి.మీ. గాలి దూసుకుపోతుంది. జూన్‌లోనూ హైపోథర్మియా (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) వచ్చేది ఇలాగే.

#10 రెండుచక్రాలు

ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి ఆ సంగతి విడిగా చెప్పాలి. గుంపు రైడ్ అలవాట్లు ఇద్దరికి పనిచేయవు.

ఎదురుగాలిలో ఒకరి వెనక ఒకరు, వంతు ఐదు నిమిషాలకు మించకూడదు. బలమైనవాడు వేగం పెంచకూడదు, వంతు పొడిగించాలి. వెనకవాడు ముందు చక్రానికి అర మీటరు నుంచి మీటరు దూరంలో ఉంటే చాలు, గొర్రె అడ్డం వస్తే ఆగడానికి చోటుంటుంది. సన్న బాట మీద వంతు మార్చేటప్పుడు పక్కకు జరగడానికి జాగా లేకపోతే, గేటు దగ్గరో, బాట వెడల్పైన చోటో మార్చుకోండి.

క్యాటిల్ గ్రిడ్లు: రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు. తడిసినప్పుడు నూనె రాసినట్టుంటాయి. హ్యాండిల్ నిటారుగా, కమ్మీలకు లంబంగా, బ్రేకు వేయకుండా, పెడల్ తొక్కకుండా దొర్లిపోవాలి. ముందున్నవాడు 'గ్రిడ్' అని అరవాలి.

ఒక్క వాహనమే పట్టే రోడ్ల మీద ఎదురు బండి వస్తే ఎడమవైపు పాసింగ్ ప్లేస్ (తప్పుకోవడానికి రోడ్డు వెడల్పు చేసిన చోటు)లోకి తప్పుకోండి. పాసింగ్ ప్లేస్ కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ ఎడమ అంచునే ఆగండి, బండి అందులోకి తప్పుకుంటుంది. వెనక నుంచి వచ్చిన బండి దారి కోసం ఎదురుచూస్తున్నా తప్పుకుని పోనివ్వాలి.

చలి పరీక్ష ఒకటి నేర్చుకోండి. డాల్‌విన్నీలో ఆగగానే ఒకరినొకరు అడగండి: బొటనవేలితో అదే చేతి చిటికెన వేలిని తాకించు. తాకించలేకపోయినా, మాట తడబడినా, వణుకు ఉన్నట్టుండి ఆగిపోయినా రైడ్ అక్కడితో ముగిసినట్టే. లోపలికి, పొడి బట్టలు, వెచ్చని తీపి పానీయం. తనకు బాగానే ఉందని అతనంటే నమ్మకండి. ఆ స్థితిలో మనిషికి తన సంగతి తనకు తెలియదు. రెండో మనిషి ఉన్నది అందుకే. బయలుదేరే ముందే ఒప్పందం చేసుకోండి: ఇద్దరిలో ఎవరు 'చాలు' అన్నా చాలు, బతిమాలడాలు ఉండవు.

సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఫోనులో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. అత్యవసరానికి 999 లేదా 112. ఇక్కడి సిమ్ ఉంటే 'రిజిస్టర్' అనే ఆంగ్ల పదాన్ని 999కి ఎస్సెమ్మెస్ చేసి ముందే నమోదు చేసుకోండి, మాట వెళ్లనంత సిగ్నల్ ఉన్నచోట కూడా ఎస్సెమ్మెస్ వెళ్లొచ్చు.

#11 అబర్డీన్_తెలుగు

మిడ్జ్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. నుసుముల్లాంటి సన్న పురుగులు, కుట్టేవి ఆడవి. గాలి గంటకు 10 కి.మీ. దాటితే ఎగరలేవు, సైకిల్ కదులుతున్నంతసేపు బాధ లేదు. ఆగితే, అదీ గాలి లేని తేమ సాయంత్రం చెట్ల దగ్గర ఆగితే, నిమిషంలో కమ్మేస్తాయి. పంక్చర్ వేయాల్సివస్తే నీటి పక్కన, చెట్ల కింద వద్దు, సైకిల్ నడిపించుకుని గాలి తగిలే మిట్టకు వెళ్లండి. తలకు వల, జేబులో స్మిడ్జ్ (పురుగులను తరిమే మందు) సీసా. పొదల్లో కూర్చుంటే పేలలాంటి టిక్కులు పడతాయి, లైమ్ జబ్బు వాటితోనే వస్తుంది. రాత్రి స్నానం చేస్తూ మోకాళ్ల వెనక, గజ్జల్లో చూసుకుని, టిక్ రిమూవర్‌తో చర్మానికి ఆనించి పట్టి తీయండి. నూనె, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు.

#12 గాలిపటం

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఈ దారి బదులు ఆపిల్‌క్రాస్ వైపు బెయాలక్ నా బా ఎక్కితే? ఒకరోజుకు అదే గొప్పగా ఉంటుందంటారు.

#13 ఎదురుగాలి

గొప్పదే, కానీ వేరే పరీక్ష. సముద్రమట్టం నుంచి 626 మీటర్లకు, దాదాపు 9 కి.మీ.లో, పైన 20 శాతం వాలు. గేరు లెక్క చూడండి: ముందు 34, వెనక 34 పళ్లైతే ఒక పెడల్ చుట్టుకు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లంటే సెకనుకు 2.1 మీటర్లు. మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలైతే 20 శాతం వాలు మీద 360 వాట్లు పైనే కావాలి. ముందు 30, వెనక 36 పెట్టి నిమిషానికి 50 చుట్లు తొక్కితే 250 దగ్గరకు దిగుతుంది. వీళ్లిద్దరి గేర్లు తెలియకుండా అటు పంపను. పైగా డ్రమాక్టర్ దారిలో ఉన్నట్టు పక్కన రైలు స్టేషన్లు ఉండవు.

#14 నెక్లెస్‌రోడ్డు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సవరించిన ప్లాన్ ఇది, తప్పులుంటే చెప్పండి.

ఇన్వర్నెస్ బస. ముందు రోజు రాత్రి గాలి చూసి దిక్కు నిర్ణయం. నైరుతి అయితే ఉదయం 8కి పిట్లోక్రీలో మొదలు. 9:15 బ్రూఆర్, నీళ్లు. 11:30 డాల్‌విన్నీ, వేళ్ల పరీక్ష. 12:45 కింగ్యూసీ, భోజనం, ముప్పావుగంట. బీ970 మీదే బోట్ ఆఫ్ గార్టెన్. 4:15 కార్‌బ్రిడ్జ్. 7:30 ఇన్వర్నెస్. సూర్యాస్తమయం పది దాటాకే కాబట్టి వెలుగు ఉంటుంది. టైర్లు 32, సింటర్డ్ ప్యాడ్లు ఆర్డర్ పెట్టాను. ఓపిక లేకపోతే దిగిపోయే చోట్లు: బ్లెయర్ అథోల్, డాల్‌విన్నీ, కింగ్యూసీ, ఏవీమోర్, టొమాటిన్.

#15 ఎదురుగాలి

వేళలు బాగున్నాయి. చివరి పేరు కొట్టేయండి. టొమాటిన్‌లో పట్టాలూ పెద్ద వంతెనా కనిపిస్తాయి గానీ స్టేషన్ లేదు. కార్‌బ్రిడ్జ్ తర్వాత మళ్లీ రైలెక్కగలిగేది ఇన్వర్నెస్‌లోనే. కాబట్టి ముందుకా, రైలుకా అన్నది కార్‌బ్రిడ్జ్‌లోనే తేల్చుకోవాలి, స్లోక్ ఎక్కాక కాదు. అన్ని రైళ్లూ కార్‌బ్రిడ్జ్, డాల్‌విన్నీల్లో ఆగవు. ఆ రోజు మధ్యాహ్నం 3 నుంచి 7 మధ్య కార్‌బ్రిడ్జ్‌లో ఆగే ఉత్తరం వైపు రైళ్ల వేళలు ఒక చీటీ మీద రాసి, హ్యాండిల్‌కు టేపుతో అంటించుకోండి.